వాయిదాలు వేసేవాడి పేరు

క్రీ.పూ. 217లో ట్రాసిమీన్ సరస్సు దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్ చేతిలో రోమన్ సైన్యం చిత్తయ్యాక రోమన్ నాయకుడు ఫేబియస్‌కి అధికారం అప్పగించారు. ఆయన ఎదురుపడి యుద్ధం చేయలేదు. కొండల మీదే ఉంటూ, శత్రువుకి తిండిగింజలు అందకుండా చూస్తూ కాలం గడిపాడు. ఓపికలేని జనం విసుక్కున్నారు. మరుసటి ఏడాది కన్నే దగ్గర వేరే సేనానులు ఎదురెళ్లి ఘోరంగా ఓడాక ఆయన తెలివి తెలిసొచ్చింది. లాటిన్‌లో 'కుంక్టాటోర్' అంటే జాగు చేసేవాడు. ఆ పేరే ఆయనకి గౌరవంగా నిలిచిపోయింది.

నిన్న మారతహళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని మా మేనకోడలికి ఈ కథ చెప్తుంటే, "ఆ చివర టోర్ ఏంటి మావయ్యా?" అంది. ఎంత మంచి ప్రశ్న! క్రియకి 'టోర్' చేరిస్తే ఆ పని చేసేవాడు. ఆడవాళ్లయితే 'ట్రిక్స్', అంటే కుంక్టాట్రిక్స్. లాటిన్‌లో ఇచ్చేవాడు 'దటోర్', సంస్కృతం నుంచి మనకొచ్చిన మాట 'దాత'. రెండూ ఒకే మూలం నుంచి పుట్టినవి.

"అయితే రచయిత్రిలో త్రి, ఆ ట్రిక్స్ చుట్టాలా?" అని అరిచింది. అవును, తోబుట్టువులే! హారన్ల మధ్య నాకు ఒళ్లు పులకరించింది. ఇంగ్లిష్ వాళ్ల ప్రోక్రాస్టినేటర్‌లోనూ ఇదే 'టోర్' ఉంది, మధ్యలో 'క్రాస్' అంటే రేపు.

నాకు అన్నిటికన్నా నచ్చేది 'కుంక్టారీ' అనే అసలు క్రియ. చూడ్డానికి కర్మణి రూపం, అర్థం మాత్రం కర్తరి. దాని గురించి ఈ ఆదివారం కబ్బన్ పార్కులో కూర్చుని చెప్తానన్నాను.