మా ఇంటి ముందు రోడ్డు మాది కాదు

గేటుకు అడ్డంగా ఎవరైనా కారు పెడితే మా వీధిలో పెద్ద రచ్చే అవుతుంది. హారన్లు, ఫోన్లు, ‘ఎవరిదప్పా ఈ బండి’ అని కేకలు, చివరికి టైర్లలో గాలి తీసేస్తామని బెదిరింపులు. అదే కారు ఇంకో నాలుగడుగులు పక్కకు జరిగి ఫుట్‌పాత్ మీదకెక్కి కూర్చుంటే మాత్రం ఎవ్వరూ నోరెత్తరు. పైగా ‘పాపం, రోడ్డుకు అడ్డం లేకుండా పక్కకు పెట్టినాడు’ అని మెచ్చుకుంటారు కూడా. నాకు మండేది ఇక్కడే.

అనంతపురంలో సాయినగర్, రామ్‌నగర్, కమలానగర్ వైపు ఉండేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మాది సాయినగర్‌కు దగ్గర్లోనే ఒక సందు. అటు ఆస్పత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, వాటికొచ్చే బండ్లన్నీ ఇటు మా సందులోకి. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో జ్వరంతో ఉన్న పిల్లోడిని ఎత్తుకొని వచ్చినవాళ్లు, బండి ఎక్కడ దొరికితే అక్కడ పెట్టి పరిగెత్తుతారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. ఆ టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు. నాకు కోపం, ప్లానులో సెల్లార్ పార్కింగ్ చూపించి పర్మిషన్ తెచ్చుకొని, తర్వాత అదే సెల్లార్‌లో మందుల షాపు, బ్లడ్ టెస్టుల కౌంటర్ పెట్టేవాళ్ల మీద. వాళ్లు మిగుల్చుకున్న చోటుకు అద్దె మా వీధి కడుతోంది.

ఇంతకీ మా వీధిలో ఫుట్‌పాత్ అంటే ఏమనుకుంటున్నారు? కాలువ మీద వరసగా పరిచిన తాడిపత్రి బండలు, అంతే. వెడల్పు మూడడుగులు ఉంటే గొప్ప. రోడ్లకు ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నడిచేవాళ్లకు అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. సరే, అంత ఆశ మాకూ లేదు, ఉన్న మూడడుగులన్నా మిగిల్తే చాలు. ఆ బండలు మనుషులు నడవడానికి పరిచినవి. వాటి మీదకి టన్నుకు పైగా బరువుండే కారు చక్రం ఎక్కిస్తే మొదట నడుమ సన్నగా ఒక గీత వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకు ఒక మూల లోపలికి కుంగుతుంది. ఇంకో బండి ఎక్కుతుంది, ఫట్. కింద కాలువ, పైన నోరు తెరిచిన గుంత. ఎవరో పుణ్యాత్ముడు అందులో వేపకొమ్మ ఒకటి గుచ్చుతాడు, చీకట్లో ఎవరూ పడకుండా. ఆ కొమ్మ ఎండిపోయి ఆకులు రాలిపోయినా కొత్త బండ మాత్రం రాదు. బండ పగలగొట్టిన కారు ఎవరిదో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, చేతికర్ర పట్టుకొని నడుస్తుంది. రోజూ కాస్త నడవమని డాక్టరు చెప్పినాడు. ఆమె నడక ఎట్లుంటుందంటే, ఒక కారు రాగానే బండల మీద నుంచి కిందికి దిగుతుంది, దిగేటప్పుడు ఆ కారు బానెట్ మీద చెయ్యి ఆనించి ముందు కర్రను కింద పెట్టి తర్వాత కాలు పెడుతుంది, వెనక ఆటో వస్తోందేమోనని తల తిప్పి చూస్తుంది, కారు దాటి మళ్లీ బండలెక్కుతుంది, పది అడుగులకు ఇంకో కారు. ఒకసారి అట్లనే బానెట్ మీద చెయ్యి పెడితే లోపల ఫోన్ చూసుకుంటున్న కుర్రాడు అద్దం దించి ‘గీతలు పడతాయి పెద్దమ్మా’ అన్నాడట. ఈ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేను పోయి అడిగితే ‘ఐదు నిమిషాలే కదక్కా, మా వాళ్లు రాగానే పోతాం’ అన్నాడు. ఈ ఐదు నిమిషాలు పొద్దున తొమ్మిదికి మొదలైతే రాత్రి తొమ్మిదికి గానీ పూర్తి కావు, మనుషులు మారతారు, బండ్లు మారతాయి, ఆ చోటు మాత్రం ఖాళీ కాదు.

ఇక్కడిదాకా చదివి మా వీధివాళ్లంతా అమాయకులు, తప్పంతా బయటి బండ్లదే అనుకోవద్దు. ఫుట్‌పాత్‌ను మొదట మింగింది కారు కాదు, ఇంటి ముందు ర్యాంపు. రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేస్తారు, రోడ్డు పైకి లేస్తుంది, వాననీళ్లు ఇంట్లోకి వస్తాయని కొత్తగా కట్టేవాళ్లు పునాది ఇంకా ఎత్తు లేపుతారు, అంత ఎత్తుకు కారు ఎక్కాలంటే ర్యాంపు పొడుగ్గా ఉండాలి, ఆ పొడుగంతా ఎక్కడి నుంచి వస్తుంది? కాలువ దాటి రోడ్డు మీదకే. ఒక్కో ఇంటి ర్యాంపు ఒక్కో ఎత్తులో, మధ్యలో బండలు, మళ్లీ ర్యాంపు. ఆ తర్వాత ర్యాంపుకు రెండు పక్కలా పూలకుండీలు. ఆ తర్వాత పెయింటు డబ్బాలో సిమెంటు పోసి నడుమ ఇనుప పైపు నిలబెట్టి, దానికి ‘నో పార్కింగ్’ రేకు. ఆ బోర్డు పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారని అడిగితే మా ఎదురింటి ఆయన ‘మా ఇంటి ముందు కదా’ అంటాడు. ఇంటి ముందు ఉంటే మాత్రం ఆయనదా? ఇంటి పన్ను కట్టేది గోడ లోపలిదానికి. గోడ దాటితే అది కార్పొరేషన్ స్థలం, నాకెంత హక్కుందో కళ్యాణదుర్గం నుంచి వచ్చినాయనకూ అంతే ఉంది. బోర్డు పెట్టినాయనా, బోర్డు పక్కకు నెట్టి కారు పెట్టినాయనా కొట్టుకునేది ఇద్దరిదీ కాని జాగా కోసం. అందులో అసలు నష్టపోయిన మనిషి, నడిచే మనిషి, ఆ గొడవలో పార్టీయే కాదు.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఫుట్‌పాత్ మీద పార్కింగ్ చేయకూడదని ఉంది, ఇంటి గేటుకు అడ్డంగా పెట్టకూడదని ఉంది, కూడలికి 50 మీటర్ల లోపు పెట్టకూడదని కూడా ఉంది. ఈ చివరిది పాటిస్తే మా సందులో ఒక్క కారూ నిలబడదు, ఆ మాట వేరే. ఈ నిబంధనలు తప్పితే 500 నుంచి 1000 రూపాయల దాకా జరిమానా అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో పెట్టారు. దారికి అడ్డం కలిగిస్తే పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 283వ సెక్షన్ కింద జరిమానా మహా అయితే 200 రూపాయలు, 1860 నుంచి అదే లెక్క. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక 285వ సెక్షన్ కింద అది 5,000 దాకా పెరిగింది. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ అనేది ఆర్టికల్ 21 కిందికి వచ్చే హక్కేనని చెప్పింది. అంటే మా అమ్మ బండల మీద నడవడం జీవించే హక్కులో భాగం. ఆమెకు చెప్తే ‘అట్లనా, అయితే ఆ కోర్టోళ్లను ఒకసారి మన వీధికి రమ్మను’ అనింది. ట్రాఫిక్ పోలీసులు పెద్ద రోడ్లు చూసుకొని ఈ సందులన్నీ కూడా తిరగాలంటే వాళ్ల బలగం సరిపోదు, అది నాకూ తెలుసు.

కార్లు కొనొద్దని నేను చెప్పట్లేదు. కార్ల ఫ్యాక్టరీయే మన దగ్గర పెట్టుకున్నాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కంపెనీ సెల్టోస్ కారు తయారవడం మొదలైనప్పుడు అది మన జిల్లానే, 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆ సెల్టోస్ వెడల్పు 1.8 మీటర్లు. మా సందు ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్ల పైచిలుకు. అటొకటి ఇటొకటి ఎదురెదురుగా పెడితే కార్లకే మూడున్నర మీటర్లు పోయింది, గోడకూ కారుకూ మధ్య వదిలిన సందులు, బయటికి చాచిన అద్దాలు తీసేస్తే మిగిలేది రెండు మీటర్ల చిల్లర. 108 అంబులెన్స్ వెడల్పు కూడా దాదాపు రెండు మీటర్లే. డ్రైవరు అద్దాలు మడుచుకొని, ఒకడు ముందు నడుస్తూ ‘రానీ రానీ’ అంటూ చెయ్యి ఊపితే దూరుతుంది. ఫైరింజన్ అయితే మూల మీదే ఆగిపోతుంది. జపాన్‌లో కారు రిజిస్టర్ కావాలంటే ముందు పెట్టుకోవడానికి చోటు ఉన్నట్టు సర్టిఫికెట్ చూపించాలి, ఆ చట్టం 1962లోనే వచ్చింది. మన దగ్గర ఆ రూలు పెడితే షోరూముల ముందు ధర్నాలు జరుగుతాయేమో గానీ, నేనైతే ఓటు వేస్తాను.

మా వీధివాళ్లు మాట వినరు అనుకుంటే అదీ తప్పే. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ వచ్చి మూల మీద నుంచి హారన్ కొట్టిందంటే, అర నిమిషంలో లుంగీ మీదున్నవాళ్లు, చేతికి పిండి అంటుకున్నవాళ్లు, అందరూ తాళాలు పట్టుకొని బయటికొస్తారు. ట్యాంకర్ పోవడానికి దారి ఎట్లివ్వాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరి బండిదో తెలియకపోతే పక్క ఆస్పత్రి మెట్ల దగ్గరికెళ్లి నంబరు గట్టిగా అరిచి మరీ తీయిస్తారు. ఒక ముసలామె కర్రతో నిలబడితే ఆ హారన్ ఎవరికీ వినపడదు, అంతే తేడా.

ఈ మధ్య ట్యాంకర్ ఒకటి నిజంగానే దూరలేక వెనక్కి పోయింది. దాంతో గుడి దగ్గర మీటింగ్ పెట్టారు. బండల మీదకి ఎవరూ బండి ఎక్కించకూడదన్న మాట నేను లేపితే అందరూ వెంటనే సరే అన్నారు, పగిలిన బండకు ఈసారి వీధి మొత్తం తలా కొంత వేసుకోవాల్సి వస్తుందని తెలిసింది కాబట్టి. ర్యాంపుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. వీధికి ఒక పక్కే కార్లు పెట్టాలని కూడా ఒప్పుకున్నారు. ఏ పక్క అన్నదగ్గర ఆగిపోయింది. పడమర పక్క కానుగ చెట్లున్నాయి, మధ్యాహ్నం ఎండకు అక్కడ నీడ. అనంతపురం ఎండలో నీడను ఎవరు వదులుకుంటారు? గంటన్నర వాదించుకున్నాక ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, సరి తేదీల్లో తూర్పు పక్క, బేసి తేదీల్లో పడమర పక్క అని తేల్చినాడు. అందరూ చప్పట్లు కొట్టి లేస్తుంటే తూర్పు పక్క ఇళ్లాయన ఒకరు, 31 తర్వాత 1 వస్తుంది, రెండూ బేసే కదా, పడమటోళ్ల గోడలకు రెండు రోజులు వరసగా కార్లు ఆనించి ఉంటే వాళ్లు ఊరుకుంటారా అని అడిగినాడు. పడమటోళ్లు ఊరుకోలేదు. మీటింగ్ మళ్లీ ఆదివారానికి వాయిదా.