బస్సు గడిలో ఒకటి అంకె

గుంటూరు, మంగళవారం

ఇవాళంతా 2011 జనగణన పట్టికలతోనే సరిపోయింది. పంచాయతీ ప్రణాళికలో పెట్టడానికి ఒక ఊరి జనాభా, రవాణా వివరాలు రెండు పేజీల్లో రాసివ్వాలి. అంత పాత లెక్కలా అంటే, ఊరి స్థాయిలో ఇప్పటికీ అధికారికంగా చేతిలో ఉన్నవి అవే. తర్వాతి గణన 2027 మార్చి 1 నాటి జనాభాకు.

ఈ లెక్కలుండే పుస్తకం జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్, జిల్లాకొకటి. ఎ భాగంలో సౌకర్యాలు, బి భాగంలో జనాభా. అందులో గుంటూరు జిల్లా కోడ్ 548. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గానీ పుస్తకం పాతదే, పల్నాడు ఊళ్లూ ఇందులోనే దొరుకుతాయి. బాపట్లతోనే చిక్కు: రేపల్లె వైపు ఊళ్లు ఇక్కడ, చీరాల, పర్చూరు వైపువి ప్రకాశం పుస్తకంలో, 549 కింద. పేరు పట్టుకుని వెతికితే అదే పేరున్న పాలేలు ఇంకొన్ని తగులుతాయి. ఆరంకెల ఊరి కోడ్ ముందే రాసిపెట్టుకోవాలి.

అక్షరాస్యత శాతం తరచూ తప్పు పడే చోటు. ఊళ్లో 3,200 మంది, అందులో ఏడేళ్లు నిండని పిల్లలు 320, చదువొచ్చినవాళ్లు 1,728 అనుకుందాం. మొత్తం జనాభాతో భాగిస్తే 54 శాతం. పిల్లల్ని తీసేసి 2,880తో భాగిస్తే 60. రెండోదే సరైనది. పనివాళ్ల గడుల్లో ఏడాదికి ఆరు నెలలు, ఆపైన పని దొరికినవాళ్లు ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. మిరప కోతలకు మాత్రమే వెళ్లే ఆడవాళ్లు రెండో గడిలో పడతారు. రెండూ కలిపి ఒక్క అంకె వేస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

అసలు తలనొప్పి ఊరంటే ఏది అన్న దగ్గర. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. ఊరు, కాలువ అవతలి పాలెం, డొంక చివరి కాలనీ, అన్నీ ఒకే వరుసలో. పంచాయతీ హద్దు దానితో కలవాలని లేదు. రోడ్డు లెక్క ఇంకోటి: ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశలో మైదాన ప్రాంతానికి 2011 లెక్కన 500 జనాభా కావాలి, అదీ ఒక్కో ఆవాసానికి, అంటే ఇళ్లు గుంపుగా ఉన్న ఒక్కో చోటికి. ఊరి వరుసలో 3,200 కనిపించినా పాలెంలో 430 మందే ఉంటే అర్హత లేదు. అర కిలోమీటరు లోపు ఇంకో గూడెం ఉంటే మాత్రం రెండూ కలిపి చూపొచ్చు. ఈ సంగతి తెలియక వదులుకున్న రోడ్లు ఎన్నో!

ఇక ఎ భాగంలోని రవాణా గడులు. ఉంటే 1, లేకపోతే 2. లేనప్పుడు దూరానికి అక్షరం: ఎ అంటే 5 కిలోమీటర్ల లోపు, బి 5 నుంచి 10, సి ఆపైన. పల్లెవెలుగు రోజుకొక్కసారి వచ్చినా 1, గంటకొకటి వచ్చినా 1. అందుకే పక్కన సొంత గడులు గీసుకోక తప్పదు: ట్రిప్పులెన్ని, మొదటి బస్సు, ఆఖరి బస్సు ఎన్నింటికి, ఊళ్లోకి వస్తుందా అడ్డరోడ్డు దగ్గరే దింపుతుందా, బడి సెలవుల్లో నడుస్తుందా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు. కాబట్టి బస్సు లేని వేళ షేర్ ఆటోకిచ్చే డబ్బు ఇప్పుడు విడిగా రాయదగ్గ ఖర్చు. ఆటో ఎంతమంది నిండితే కదులుతుందో, రాత్రి ఎన్నింటి దాకా దొరుకుతుందో కూడా అడగాలి.

జాతీయ రహదారి ఎన్‌హెచ్ 16 పక్క ఊళ్లకు హైవే గడిలో 1 ఉంటుంది. అండర్‌పాస్ ఎంత దూరమో ఆ అంకె చెప్పదు. తారు రోడ్డు గడీ అంతే. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది, రోడ్డు అంచులు కుంగుతాయి. దాని మీద కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనప చక్రాలు) విప్పకుండా ట్రాక్టర్లు తోలితే కంకర తేలుతుంది. దారి ఏ నెలలో చూశారో రాయకపోతే ఆ 1కి అర్థం లేదు.

పాలెం ఇళ్ల పట్టిక మిగిలింది. రేపు ఊరి సచివాలయం తెరిచాక.