పాలు వెతికితే పులి వచ్చింది: ఇంటి నోట్స్ సర్వర్, మూడో నెల

నిన్న రాత్రి పదకొండున్నరకు సెర్చ్ పెట్టెలో "మందు" అని కొట్టాను. మందుల నోట్సే వచ్చాయి. ఒక్క "ముందు" కూడా రాలేదు. మూడు వారాలుగా ఈ ఒక్క దృశ్యం కోసమే కూర్చున్నాను. నిద్ర పట్టలేదు, లేచి ఇది రాస్తున్నాను.

మిగతావన్నీ బాగున్నాయి. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద సర్వర్, సింక్‌థింగ్‌తో ఫోన్ సింక్, రెస్టిక్‌తో బ్యాకప్ మొదటి వారంలోనే కుదిరాయి. ఒక్క మాట: ఈ చిన్న కంప్యూటర్‌కి పాత ఫోన్ ఛార్జర్ తగిలించకండి, 5.1 వోల్టుల అసలు అడాప్టరే కొనండి. మెమరీ కార్డు బదులు ఎస్ఎస్‌డీ పెట్టండి. అక్కడ మిగుల్చుకునే డబ్బు తర్వాత టెన్షన్ రూపంలో కట్టాల్సిందే.

నోట్స్ మొత్తం 1,140. అమ్మ షుగర్ రీడింగులు, చీటీ లెక్కలు, వంటలు, ఆఫీసు పనిలో దొరికిన లోపాల జాబితాలు. వీటిని ఇంకొకరి కంప్యూటర్‌లో పెట్టడం నాకిష్టం లేదు. అందుకే చిన్న పైథాన్ ప్రోగ్రామ్, దాని వెనక డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్. మొత్తం డేటా ఒకే ఫైల్‌లో ఉంటుంది, కాపీ చేసుకుంటే చాలు. సొంత నోట్స్‌కి ఇంతకన్నా మంచి డేటాబేస్ లేదని నా గట్టి నమ్మకం. వెతకడానికి అందులోనే ఉన్న సెర్చ్ భాగం ఎఫ్‌టీఎస్5 వాడాను. గొడవంతా అక్కడే.

మొదటి రోజు "పాలు" అని వెతికాను. 386 నోట్స్ వచ్చాయి. చేత్తో లెక్కపెడితే పాల సంగతి ఉన్నవి 52. వచ్చినవాటిలో పులి ఉంది, పూలు ఉన్నాయి, పిల్లలు ఉన్నారు. ఇంకా వింత, "పాలను మరిగించాక" అని ఉన్న పాయసం నోట్ మాత్రం రాలేదు. పులిని పట్టుకున్నది పాలను ఎలా వదిలేసింది?

మొదటి అనుమానం ఫాంట్ మీద, అది తప్పు. రెండోది, ఫోన్ కీబోర్డు వేరే కోడ్ పంపుతోందేమో అని. హెక్స్‌లో (లోపలి ముడి అంకెల్లో) చూశాను, పాలు అంటే సరిగ్గా ప, ఆత్వం, ల, కొమ్ము. నాలుగు కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకి యూనికోడ్ ఇచ్చిన సంఖ్య), 12 బైట్లు. తేడా లేదు. మూడో రోజు "అప్పు లెక్క" అనే నోట్ కూడా పాలు కింద వచ్చిందని గమనించాను. అందులో ప, ల రెండు వేరే మాటల్లో ఉన్నాయి, మధ్యలో ఖాళీ కూడా ఉంది. అంటే మాటల హద్దులే చెరిగిపోతున్నాయన్నమాట.

ఎఫ్‌టీఎస్5వోకాబ్ అనే టేబుల్ తెరిచి లోపల ఏమేం మాటలు దాచుకుందో చూశాను. మాటలే లేవు. ప, ల, క, గ అని విడి అక్షరాలు, "అప", "లక", "లన" లాంటి తునకలు. అప్పుడు డాక్యుమెంటేషన్ నెమ్మదిగా చదివాను. యూనికోడ్61 అనే టోకెనైజర్, అంటే రాతను మాటలుగా కోసే భాగం, మామూలుగా అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది, మిగతా ప్రతిదీ విడగొట్టే గుర్తే. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, "మార్క్" అనే వర్గం. అంటే దీర్ఘాన్నీ కొమ్మునీ కామాలా, ఖాళీలా చూస్తోంది! పాలు అన్నా పులి అన్నా దానికి "ప" తర్వాత "ల", అంతే. "పాలను"లో ల, న మధ్య గుర్తేమీ లేదు కాబట్టి "లన" ఒకే ముక్కగా అతుక్కుపోయింది, అందుకే దొరకలేదు.

గుణింతం లేని తెలుగు వాక్యం ఎక్కడుంటుంది? ఈ డీఫాల్ట్ పెట్టినప్పుడు ఒక్క తెలుగు పేరాతో పరీక్షించి ఉంటే నిమిషంలో తెలిసేది. ఇది నిజంగా బాధ కలిగించింది.

మందు దగ్గర పడ్డ దెబ్బ ఇంకోటి. మార్కుల్లో ఎంఎన్, ఎంసీ అని రెండు రకాలు. తొందరలో టోకెనైజర్ సెట్టింగ్‌లో ఎంఎన్ ఒక్కటే కలిపాను. పులి పోయింది, పూలు పోయాయి. అయిపోయిందనుకుని పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే అమ్మ, "నాన్నా, పోయినసారి డాక్టరు మార్చిన మందు పేరు చూడు" అంది. 233 నోట్స్ వచ్చాయి. "ముందు" అనే మాట ఉన్న ప్రతి నోటూ వచ్చింది. అసలువి 38. ఆత్వం, గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు ఎంఎన్ అయితే, కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న ఎంసీ. కాబట్టి మందు, ముందు రెండూ "మ, ద"గానే మిగిలాయి. అమ్మ నా పక్కనే నిలబడి ఎదురుచూస్తోంది, నేను కాగితాల కట్ట తీశాను.

సరైన సెట్టింగ్ ఇది: కేటగిరీస్‌లో ఎల్* (అక్షరాలు), ఎన్* (అంకెలు), సీఓ (సొంత వాడకానికి వదిలిన కోడ్‌లు)తో పాటు ఎంఎన్, ఎంసీ రెండూ. సెట్టింగ్ మొత్తానికి బయట డబుల్ కోట్లు, ఈ జాబితాకి లోపల సింగిల్ కోట్లు. టోకెనైజర్ మారిస్తే పాత టేబుల్ పనికిరాదు, తీసేసి మళ్లీ కట్టాలి. 1,140 నోట్స్‌కి నాలుగు సెకన్లు పట్టింది.

అక్కడితో ఆగలేదు. "సాఫ్ట్‌వేర్" అని ఫోన్‌లో వెతికితే 9 వచ్చాయి, ఉన్నవి 27. కారణం కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. ట్ కింద వ ఒత్తుగా పడకుండా ఆపేది అదే. అది ఉంటే 11 కోడ్‌పాయింట్లు, లేకపోతే 10. టోకెనైజర్ దాని దగ్గర కూడా కోసేసి "సాఫ్ట్", "వేర్" అని రెండు మాటలు చేస్తోంది. నేను కొన్నిసార్లు అది పెడతాను, కొన్నిసార్లు పెట్టను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలదోసిన ఆ తెలుగు అక్షరం "జ్ఞా" గుర్తుందా? అందులోనూ ఇదే గుర్తు ఇరుక్కుని ఉంది. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా అది తీరలేదు.

ఇప్పుడు వెతకడానికి వేరే కాలమ్ పెట్టాను. అందులో ఈ గుర్తు తీసేసిన నకలు ఉంటుంది, కంటికి చూపేది అసలు నోటే. వెతికే మాటలోంచీ తీసేస్తాను. దీనివల్ల చిన్న నష్టం ఉంది. "బ్యాంక్‌లో" ఇంతకుముందు విడిపోయి "బ్యాంక్"కి దొరికేది, ఇప్పుడు అతుక్కుపోతుంది.

దానికి దొరికిన ఉపాయమే నిన్నటి సంతోషం. వెతికే మాట చివరి గుణింతపు గుర్తునో, పొల్లునో, సున్ననో తీసేసి నక్షత్రం పెట్టాలి, అప్పుడు అలా మొదలయ్యే మాటలన్నీ వస్తాయి. పాలు అంటే పాల*, బ్యాంక్ అంటే బ్యాంక*, పుస్తకం అంటే పుస్తక*. పుస్తకాలు, పుస్తకంలో, బ్యాంకుకి అన్నీ వచ్చేస్తున్నాయి! పాలుకి 60 వచ్చాయి. వాటిలో 11 తప్పు (పాలకూర, పాలకొల్లు వగైరా), "గేదెపాలు" అని కలిపి రాసిన 3 దొరకలేదు. 386 నుంచి ఇక్కడికొచ్చాం, నాకు చాలు.

రాతను మూడేసి కోడ్‌పాయింట్ల తునకలుగా కోసే ట్రైగ్రామ్ టోకెనైజర్ కూడా ప్రయత్నించాను. చాలామంది అదే వాడమంటారు, నేను వద్దంటాను. గేదెపాలు దొరికింది కానీ దీపాలు, రూపాలు, ఆఫీసు నోట్స్‌లోని లోపాలు అన్నీ పాలు కిందికే వచ్చాయి. "ఈగ" లాంటి రెండే కోడ్‌పాయింట్ల మాట అసలు వెతకదు. పైగా ఫైల్ 6 ఎంబీ నుంచి 14కి పెరిగింది.

ఇంకా మొండికేస్తున్నవి ఉన్నాయి. ఇల్లు వెతికితే ఇంట్లో రాదు, నీళ్లు వెతికితే నీటి రాదు, పెళ్లి వెతికితే పెళ్ళి రాదు. ళ్ల, ళ్ళ ఒకటి చేయడం తేలిక, ఈ ఆదివారం చేస్తాను. ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, నీళ్లు–నీటి లాంటి జతలకు మాత్రం చేత్తో పట్టిక రాయాలి. అమ్మ తోడు కూర్చుంటానంది. ఇప్పటికి 40 జతలు రాశాం. ఆ తర్వాత పాత ప్రిస్క్రిప్షన్ల మీద ఆవిడ తెలుగులో రాసుకున్నవి స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలు చదివే ప్రోగ్రామ్ టెసరాక్ట్‌తో చదివించాలి. రెండు పేజీలు చూశాను, కొన్నిచోట్ల ఆ ప్రోగ్రామ్ సున్న (ం) బదులు తెలుగు అంకె సున్నా (౦) పెట్టింది. చూడ్డానికి రెండూ ఒకటే, కోడ్ వేరు. ముందు దాని సంగతి తేల్చాలి.