రాగి చెంబు అటకెక్కింది
తమ్ముడికి చేతులు వణకడం, మాట ముద్దగా రావడం మొదలైతే మా నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు అందరూ అన్నది ఒకటే, ఫ్లోరైడ్ నీళ్లు. మేమూ అదే నమ్మి రెండేళ్లు ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగాం. చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు వాడిని కంటి డాక్టర్ దగ్గరికి పంపారు (చేతులు వణికితే కళ్లెందుకు చూపించాలని బాపు ఒకటే గొణుగుడు). స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దగా చేసి చూసే యంత్రం) నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ రంగు ఉంగరం. విల్సన్ వ్యాధి అట, జన్యులోపం వల్ల ఒంట్లో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో, ఇలా కంట్లో కూడా పేరుకుపోతుంది. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి చూసి ఖాయం చేశారు. తోడబుట్టినవాళ్లకు 25 శాతం అవకాశమని నాకూ టెస్టులు చేశారు, ఆ వారం టెన్షన్ చెప్పలేను, నాకు లేదు. ఇప్పుడు రోజూ పరగడుపున పెన్సిలమిన్, ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే మందు; మొన్న చాయ్ గ్లాసు తొణకకుండా పట్టుకున్నాడు. ఆరోగ్యానికి మంచిదని బాపు రాత్రిళ్లు నీళ్లు పోసిపెట్టే రాగి చెంబు మాత్రం అటకెక్కింది.