కనుమ నాడు డిండి బోటు

కనుమ నాటికి కోనసీమలో బోటు బుక్ చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే, రావులపాలెం వైపు నుంచి మాత్రం రావద్దు. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన హౌస్‌బోటు వాళ్లు పండగ రేటు పూర్తిగా కట్టించుకున్నారు. పన్నెండింటికల్లా డిండి జెట్టీ దగ్గర ఉండాలి, ఒంటిగంటకు బోటు కదులుతుంది, ఆలస్యమైతే డబ్బు వాపసు లేదు అని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్‌లో భోజనంలో ఏమేం పెడతారో ఉంది, గదుల ఫోటోలున్నాయి. ఆ రోజు దారి మధ్యలో ఆగిపోతుందన్న సంగతి మాత్రం లేదు.

మాది తాడిపత్రి. నాన్న పెన్న ఒడ్డునే పుట్టి పెరిగారు కానీ, ఆయన చూసిన పెన్న చాలావరకు ఇసుకే. తుంగభద్ర నీళ్లు తెచ్చే హెచ్చెల్సీ కాలువకు నీళ్లు వదిలారని తెలిస్తే పని మానుకుని వెళ్లి చూసొచ్చే మనిషి. అమ్మ పోయాక ఎక్కడికీ కదలనన్నారు. ఒకరోజు టీవీలో గోదావరి చూస్తూ, నది మీద ఒక రాత్రి పడుకుంటే ఎట్లుంటుందో అన్నారు. అంతే, నేను డిండిలో హౌస్‌బోటు బుక్ చేశాను. అందుకే ఆ పన్నెండు గంటల టైము నాకు అంత ముఖ్యమైంది.

హైదరాబాద్ నుంచి రైలు లేటు. సంక్రాంతికి అది మామూలే. రాజమండ్రిలో దిగి బస్సెక్కేసరికి ఎండ ముదిరింది. జొన్నాడ దగ్గర గోదావరి పాయ గౌతమి మీద వంతెన రాగానే నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, "ఏం పాపా, ఈడా ఇసకేనా?" అన్నారు. నిజమే, జనవరిలో అక్కడ నీళ్లకన్నా ఇసుక తిన్నెలే ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నీళ్లను ఆపి దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువల్లోకి మళ్లిస్తుంది, కిందికి వదిలేది తక్కువ. డిండి దాకా వెళితే సముద్రం దగ్గర కాబట్టి పోటు నీళ్లతో నది నిండుగా ఉంటుందని చెప్పాను. "అయితే పోదాం పా" అన్నారు.

రావులపాలెంలో రాజోలు బస్సు మారాం. అక్కడ పూతరేకులు కొందామంటే పెట్టె ధర విని వెనక్కి పెట్టేశాను. పండగైతే పంచదార ధర కూడా పెరుగుతుందా? కొత్తపేట దాకా బాగానే వెళ్లింది బస్సు. అరటి తోటలు, కొబ్బరి తోటలు, దాళ్వా నాట్లు పడుతున్న చేలు. ముక్కామల చేరుతుండగా ముందు లారీ ఆగింది, దాని వెనక కార్లు, వాటి వెనక మేము. డ్రైవరు ఇంజను ఆపేసి చెప్పులు విడిచి కాళ్లు సీటు మీదికి తీసుకున్నాడు. అది చూడగానే నాకు టెన్షన్ మొదలైంది.

ముందు సీట్లో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఎంతసేపు పడుతుందండీ అని అడిగాను.

"ఇవాళ కనుమ కదండీ. ప్రభలు కదిలాయండి. ముక్కామల శివుడు రాఘవేశ్వరుడు రోడ్డు దాటాకేనండి బస్సు."

"మాకు పన్నెండింటికి డిండిలో బోటుందండీ."

"ఆయ్. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదమ్మా. మీరేమో బోటెక్కాలంటున్నారు." ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే జాలిపడ్డారు. తనది అంబాజీపేట అనీ, ఇక నడిచి వెళ్లిపోతాననీ చెప్పారు. కానీ నాన్న అడగడం, ఆయన చెప్పడం మొదలయ్యాక ఆ నడక కాసేపు వాయిదా పడింది.

ఆయన చెప్పిందిది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ఏడాదికోసారి, కనుమ నాడు, ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి భుజాల మీద మోసే వాహనాల మీద వచ్చి, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కలుసుకుంటారు. ఆ తోటలో గుడి ఉండదు, ఉత్త కొబ్బరి తోట. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు అప్పటికే అక్కడున్న ప్రభలను ఒకసారి పైకెత్తి మర్యాద చేస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశికలో దిగి, నీళ్లలోంచి భుజాల మీద మోసుకొస్తారు. ఒడ్డెక్కాక పచ్చని చేలో అడ్డంగా నడిచేస్తారు. తన చేలో అడుగుపడితే ఆ రైతు కాదనడు, సంతోషిస్తాడు. ఈ ప్రభల తీర్థాన్ని 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా చూపించారు. టీవీలో చూసినట్టు నాకు లీలగా గుర్తుంది, అది ఈ రోడ్డు మీద జరిగేదని మాత్రం తట్టలేదు.

నేను హౌస్‌బోటు వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగవుతోంది, ఎత్తరు. ఎలాగో ఎత్తినప్పుడు, "మేడం, ఒంటిగంటకు తీసేస్తామండి, మా చేతిలో లేదండి" అని పెట్టేశారు. ముక్కామలలో ఇరుక్కున్నామని చెప్పేలోపే.

పక్కకు తిరిగితే నాన్న సీట్లో లేరు. కిందికి దిగి జనంలో పడి వెతికాను. డప్పులు, బాణసంచా, చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు. అప్పుడు వచ్చింది ప్రభ. దూరం నుంచి చూస్తే రంగురంగుల గోడ ఒకటి కొబ్బరి చెట్ల మధ్య నుంచి కదిలి వస్తున్నట్టుంది. దగ్గరికొచ్చాక దాని కట్టుబడి తెలిసింది. వెదురు బద్దలు వంచి అర్ధచంద్రంలా కట్టి, మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డలు బిగించి, అంచున గంటలు, మధ్యలో స్వామి. అడుగున దుంగలు. ఆ దుంగల కింద భుజాలు, ఎన్ని జతలో లెక్కకు అందలేదు. భుజం మీద తడి తువ్వాలు మడిచి పెట్టుకున్నా కొందరికి చర్మం కందిపోయి ఉంది. నాలుగు వైపులా మోకులు పట్టుకున్నవాళ్లు ప్రభ ఎటు ఒరిగితే దాని ఎదురువైపు లాగుతున్నారు. కరెంటు తీగ అడ్డమొస్తే ఇద్దరు కుర్రాళ్లు పొడుగు గెడకర్రలతో పైకెత్తారు. "అశ్శరభ" అని ఒకరు, "శరభ" అని వందమంది. అలుపొస్తే దించి, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తుతున్నారు. అడుగు అడుగుకీ ఆగడమే. ఆ ఆగిన ప్రతిసారీ నేను ఫోన్‌లో టైము చూశాను.

నాన్న ఒక మోకు చివర పట్టుకుని ఉన్నారు. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలీదు. ఆయన వయసు చూసి ఒక కుర్రాడు, "బాబాయిగారూ, మీరు ఊరికే పట్టుకోండి, లాగక్కర్లేదండి" అంటున్నాడు. ఆయన లాగుతూనే ఉన్నారు. మోకుకున్న పసుపు అరచేతులకు అంటి, మొహం చెమటతో మెరుస్తోంది. అమ్మ పోయాక ఆయన్ను అంత హుషారుగా నేను చూడలేదు. పిలవలేకపోయాను. అదే సమయంలో ఒంటిగంట అవుతోందన్న బాధ కూడా పోలేదు. రెండూ ఒకేసారి ఉంటాయని ఆ రోజు తెలిసింది.

బస్సు కదిలేసరికి ఒంటిగంట దాటిపోయింది. అంబాజీపేటలో కొబ్బరి రాశులు కళ్లముందు నుంచి వెళ్లిపోయాయి, సరిగా చూసింది లేదు. పి.గన్నవరంలో మాత్రం నాన్న నా చేయి పట్టుకుని కుదిపారు. అక్కడ వైనతేయ నది మీదుగా కాలువ వెళుతుంది. కింద నది, పైన కాలువ. కాటన్ కాలంలో తొలి అక్విడక్ట్ కట్టారు, ఇప్పుడు నీళ్లు మోసేది దాని పక్కనే కట్టిన కొత్తది. నదికి అవతల ఉన్న రాజోలు దీవికి సాగునీరు అట్లా వెళుతుంది. "నీళ్లను నీళ్ల మీద దాటించినారా!" అని నాన్న చాలాసేపు వెనక్కే చూశారు. హెచ్చెల్సీ చివరి ఊళ్లకు నీళ్లు చేరవని ఏటా గొడవ చూసే మనిషికి అది చిన్న విషయం కాదు.

రాజోలు నుంచి డిండికి ఆటో అయిదు వందలు అడిగాడు. పండగ కదండీ అన్నాడు. బేరమాడే ఓపిక లేదు.

జెట్టీ చేరేటప్పటికి మూడు కావస్తోంది. గోదావరి పాయ వశిష్ఠ నిండుగా ఉంది, నేను చెప్పినట్టే ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నీళ్లు. మా బోటు నది మధ్యలో, కొబ్బరి చెట్ల వరుసకు అవతల, కనబడుతూనే ఉంది. జెట్టీలో రిజిస్టరు పట్టుకున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. మర్యాదగానే మాట్లాడాడు. చిన్న పడవలో తీసుకెళ్లి ఎక్కించమన్నాను. కుదరదన్నాడు. బోటు కదిలాక ఎక్కినవాళ్ల పేర్లు ఖరారైపోతాయనీ, మధ్యలో మనుషుల్ని ఎక్కిస్తే తన ఉద్యోగం పోతుందనీ చెప్పాడు.

ఈ విషయంలో నేను అతనివైపే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర నాటు పడవ ఒకటి కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తాపడి, గౌతమిలో బడిపిల్లలు కొట్టుకుపోయారు. మరుసటేడు సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగింది. ఎంతమంది ఎక్కారో, ఎవరెవరు ఎక్కారో తేల్చుకోవడానికి ఇళ్ల దగ్గరివాళ్లు ఎంత అల్లాడారో పేపర్లలో చదివాం. ఎక్కేవాళ్ల లెక్క ఒడ్డునే తేలాలి, లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోవాలి. నది మధ్యలో ఒక పడవలోంచి ఇంకో పడవలోకి నాన్నను దాటించమని అడగడం నా ఆత్రమే తప్ప, అతను ఒప్పుకోవాల్సిన మాట కాదు.

నా కోపమల్లా డబ్బు దగ్గర, మెసేజ్ దగ్గర. ప్రభల తీర్థం ఏటా కనుమ నాడే వస్తుంది. వరద లాగా చెప్పకుండా వచ్చేది కాదు. డిండిలో వ్యాపారం చేసేవాళ్లకు తెలియనిది అసలే కాదు. బయటి ఊరివాళ్ల దగ్గర పండగ రేటు తీసుకునేటప్పుడు, "ఆ రోజు అంబాజీపేట దారి ఆగిపోతుంది, పాలకొల్లు మీదుగా రండి" అని ఒక్క వాక్యం పెడితే సరిపోయేది. నరసాపురం రైల్లో వచ్చి పాలకొల్లులో దిగితే, చించినాడ వంతెన దాటగానే డిండి. రావులపాలెం ఊసే అక్కర్లేదు. ఆ వాక్యం పెట్టలేదు సరే, రాలేకపోయినవాళ్లకు ఇంకో రోజు ఇవ్వచ్చు, సగమైనా వెనక్కి ఇవ్వచ్చు. గంటసేపు చిన్న బోటులో తిప్పుతాం, దానికి విడిగా కట్టండి అన్నారు. అది విని నా నోట మాట రాలేదు. నాన్నే, "వద్దులే అబ్బా" అని వెనక్కి తిరిగారు.

ఆకలేసి దగ్గర్లో హోటల్‌కి వెళితే బోర్డు మీద పులస పులుసు! జనవరిలో పులసేమిటి? అది వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప. బయటివాళ్లకు ఏది చెప్పినా నమ్ముతారనే కదా. చారన్నం తిని లేచాం. చారు మాత్రం బాగుంది, ఉన్నమాట చెప్పాలి.

వంతెన దాటితే పాలకొల్లు దగ్గరే. కానీ నాన్నను నీళ్ల మీద అడుగు పెట్టించకుండా వెనక్కి తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. మలికిపురం మీదుగా సఖినేటిపల్లి రేవుకు వెళ్లి నరసాపురం పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కాం. బైకులు, సైకిళ్లు, కొత్త బట్టల్లో పిల్లలు, పందెంలో పోయిన పుంజును కాళ్లు పట్టుకుని వేలాడదీసుకున్న ఒకాయన. పంటు నిండితే కదులుతుంది, అంతే. నాన్న ఇనుప గొలుసు పక్కన నిలబడి, "ఇంత నీళ్లు ఊరికే సముద్రంలోకి పోతాండాయి కదా" అన్నారు. అవి సముద్రం నుంచే వచ్చిన పోటు నీళ్లని చెప్పాను. కొంచెం చేతిలోకి తీసుకుని నాలుక మీద పెట్టుకుని, అవునన్నారు.

ఈ కథ విన్నవాళ్లంతా, పోనీలే, పంటు ఎక్కారు కదా, ప్రభ చూశారు కదా, అదే అసలైన కోనసీమ అంటున్నారు. నేను ఒప్పుకోను. పంటు అవతలి ఒడ్డుకు చేర్చడానికి ఉంది. నది మీద రాత్రి పడుకోవడం వేరు, దానికి మేం డబ్బు కట్టాం. ఆ డబ్బు కోసం రాతపూర్వకంగా అడిగాను, అడుగుతూనే ఉంటాను.

నరసాపురంలో లాడ్జి గది మామూలు రేటుకు మూడింతలు. కోడిపందేలకు వచ్చినవాళ్లతో ఊరంతా నిండిపోయింది. ఆ గదిలోనే వచ్చే ఏడాది సంగతి తేల్చుకున్నాం. నాన్న జగ్గన్నతోటకు వెళతానంటున్నారు, గంగలకుర్రు ప్రభ కౌశికలో దిగేది చూడాలట, వీలైతే మళ్లీ మోకు పట్టుకోవాలట. సరే అన్నాను. బోటు మాత్రం ఆ మర్నాడు ముక్కనుమ నాటికి తీసుకుంటాను, డిండిలో ముందే దిగి, వేరే వాళ్ల దగ్గర.