వంతు నీరు

ఫిబ్రవరి ఆఖరు శనివారం. దాళ్వా (రెండో పంట వరి) చేలు చిరుపొట్ట మీదున్నాయి, కాలువలో నీళ్లు పలచబడ్డాయి. బోదె (పిల్లకాలువ) మీద వంతులు నడుస్తున్నాయి. ఎగువనున్న మన చేను వంతు రాత్రి రెండింటికి తీరిపోతే, ఆ రెండింటికే వెళ్లి తూముకి మట్టి అడ్డం వెయ్యాలి. కాలువ చూసే లస్కరు ఉండడు, దిగువ రైతు నిద్రలో ఉంటాడు. అరగంట ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. శివారు చేలో మాత్రం కోతలకి తెలుస్తుంది, వెన్నులో తాలు కనబడినప్పుడు.

పొద్దున వాక్యపఠనం సమూయేలు మొదటి గ్రంథం 15. సౌలు రాజు సంగతి సండే స్కూల్లోనే అందరూ విన్నారు గాని, పెన్సిలు పట్టుకుని చదివితే దాని వరస బయటపడుతుంది. 3వ వచనంలో ఆజ్ఞ: అమాలేకీయుల్ని పశువులతో సహా ఏదీ మిగల్చకుండా నాశనం చెయ్యాలి. 9లో అందులో కోత: నాసివాటిని చంపి, కొవ్విన పశువుల్ని ఉంచుకున్నారు. 12లో కర్మెలులో తన పేరిట శిల. 13లో ‘ఆజ్ఞ నెరవేర్చాను’ అంటాడు. 14లో గొర్రెల అరుపు. 15లో సాకు: బలి కోసమే ఉంచాం. అసలు కారణం 24 దాకా నోట రాదు: జనానికి జడిశాను. సౌలు ఏమీ చెయ్యలేదని కాదు, చాలామటుకు చేశాడు. వదిలేసిన కాస్తకీ భక్తి అని పేరు పెట్టుకున్నాడు.

మన పల్లెల్లో దీనికి సరిపోయేది కోత కూలి. కూలీలకి బాకీ పెట్టి, అదే డబ్బులోంచి కానుక కవరు నింపడం. యాకోబు పత్రిక 5:4 ప్రకారం బిగపట్టిన ఆ కూలే మొరపెడుతుంది. ద్వితీయోపదేశకాండం 24:15 గడువు కూడా చెప్పేసింది: ఆనాటి కూలి ఆనాడే, పొద్దు కుంకకముందే. దీని మీద ప్రత్యేకంగా ఉపవాసం ఉండి దేవుని చిత్తం కనుక్కోవాల్సిన పని లేదు.

రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు చొప్పున చదివితే బైబిల్లోని 1189 అధ్యాయాలూ ఏడాదిలో అయిపోతాయి. మంచి అలవాటే. అయితే అధ్యాయం పక్కన ఒక్క ముక్క రాసుకోకపోతే మధ్యాహ్నానికి ఏం చదివామో గుర్తుండదు. రాసేది కూడా పని, మనిషి, వేళ ఉండేలా రాయాలి. ‘ఇకనుంచి నమ్మకంగా ఉంటాను’ అన్నదాన్ని ఎవరూ తప్పలేరు, ఎవరూ నెరవేర్చలేరు. ‘నాట్ల బాకీ 600 ఇవాళ ఐదులోపు’ అని రాస్తే చేశామో లేదో రాత్రికి తేలిపోతుంది.

వినడానికి మనకేం కొదవ లేదు. మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు ఇండియాకి వచ్చింది 1836లో, తర్వాత నరసాపురం చేరారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే ఈ సీమకి కాలువ నీళ్లకంటే వాక్యమే ముందొచ్చింది! ఇప్పుడు శుక్రవారం ఉపవాస కూటం, నెలకో ఉజ్జీవ సభ, ఫోన్లో తెల్లారకముందే నాలుగు సందేశాలు. వరి పిలకేసే దశలో రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు. మోకాటి లోతు నిలబెడితే పిలకలు తగ్గుతాయి, చూడ్డానికి చేను నిండుగానే ఉంటుంది. అలాగే ఎక్కువగా విని తక్కువగా చేసే విశ్వాసికి ‘నాకిది తెలుసు’ అన్నది పెద్ద ఆటంకం. కొత్త సందేశం వెతుక్కునే ముందు, పాత వాక్యంలో మిగిలిపోయిన పని చూసుకోవాలి.

ఒకరిది తిన్నప్పుడు ‘ప్రభువా క్షమించు’ అనడంతో సరిపోదు. లేవీయకాండం 6:5 లెక్క అసలు, దానిపై అయిదో వంతు. వెయ్యి తింటే పన్నెండు వందలు, ఆ మనిషి చేతికే, మందిరానికి కాదు. సుంకరి జక్కయ్య నాలుగింతలన్నాడు, అది మనసు కరిగినవాడి లెక్క.

కానుక బలిపీఠం దగ్గర వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమనే మత్తయి 5:23-24ని చాలామంది తిరగేసి చదువుతారు. నాకు అతని మీద కోపముందా అన్నది కాదు అక్కడ ప్రశ్న, అతనికి నా మీద ఏదైనా ఉందా అన్నది. వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లాలి. పెద్దల్ని వెంటేసుకెళ్తే అది పంచాయితీ అవుతుంది. వాట్సాప్‌లో క్షమాపణ పెట్టడం తప్పించుకోవడమే. మన తప్పు ఒక్కటే చెప్పాలి, ‘నువ్వు కూడా’ అన్న మాట నోట వచ్చిందంటే మొదటికొస్తుంది. అతను తలుపు తియ్యకపోవచ్చు. అది అతని ఇష్టం, మనం వెళ్లిన లెక్క మాత్రం ఉంటుంది.

ఎదిగామా లేదా అని రోజూ తవ్వి చూసుకునే జబ్బు ఒకటుంది. మార్కు 4:27లో విత్తినవాడు పడుకుంటాడు, లేస్తాడు. ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ఆర్నెల్ల కిందటి నోటుబుక్కు తెరిస్తే కాస్త తెలుస్తుంది: అప్పుడు వారం పట్టిన పని ఇప్పుడు ఒక పూటలో అవుతోందా అని.

రేపు పదింటికి బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం). పార గట్టు మీదే ఉంది. అలారం 1:45కి.