స్టడీ హాల్ చెకిన్: ముందు కార్డు తేలింది, తర్వాత రీడర్

గుంటూరు బ్రాడీపేటలో మాస్టారు నడిపే స్టడీ హాల్‌కి ట్యాప్ చేసి లోపలికెళ్లే చెకిన్ కడుతున్నాను. ఏ కార్డు వాడాలన్నది ఈ వారం తేలిపోయింది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలంతా పొద్దున్నే ఒక్కసారిగా వస్తారు, సంతకం కోసం మెట్ల దాకా లైను. పైగా ఎవరి నెల గడువు అయిపోయిందో మాస్టారికి అప్పటికప్పుడు తెలియదు. తీరాల్సినవి ఈ రెండే. తలుపు తాళంతో పని లేదు, టేబుల్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. నా ఎంపికంతా ఈ సంగతి మీదే నడిచింది.

ముందు చూసింది 125 కిలోహెర్ట్జ్ ఈఎం4100 రకం కార్డు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కార్డు మీద రెండు రకాల నంబర్లు అచ్చువేసి ఉంటాయి. ఉదాహరణకి 0012345678, పక్కనే 188,24910. రెండూ ఒకటే. మొదటిదాన్ని హెక్సాలోకి, అంటే పదహారు అంకెల లెక్కలోకి, మారిస్తే బీసీ614ఈ వస్తుంది. అందులో బీసీ అంటే 188, 614ఈ అంటే 24910. యూఎస్‌బీ రీడర్లు కీబోర్డులాగా నంబరు టైపు చేసేస్తాయి గానీ, ఒకటి మొదటి పద్ధతిలో, ఇంకొకటి రెండో పద్ధతిలో కొడుతుంది. రీడర్ మార్చిన రోజున పాత సభ్యుడే కొత్తవాడిగా కనిపిస్తాడు. అందుకని ఏ రీడర్ అయినా డేటాబేస్‌లో హెక్సా మాత్రమే ఉంచాలి. ఈ రకాన్ని పక్కన పెట్టడానికి కారణం వేరే ఉంది: ఫోన్‌లో ఉండే ఎన్‌ఎఫ్‌సీ, అంటే దగ్గర పెడితే కార్డు చదివే సౌకర్యం, దీన్ని చదవలేదు. రీడర్ మొరాయిస్తే మాస్టారి ఫోన్‌తోనే పని నడవాలని నా పట్టుదల.

కాబట్టి ఫోన్ కూడా చదివే 13.56 మెగాహెర్ట్జ్ రకం. ఆర్‌సీ522 అనే రీడర్ బోర్డుతో పాటు వచ్చేవి ఎక్కువగా మైఫేర్ క్లాసిక్ 1కే కార్డులు. వాటి క్రిప్టో1 రక్షణ 2008లోనే బద్దలైంది. నేను నంబరు ఒక్కటే చదువుతాను కాబట్టి దానితో నాకు ఇబ్బంది లేదు. కానీ వాటిలో ఎక్కువ శాతం నాలుగు బైట్ల నంబర్లే, అవి ఎక్కడా రెండోసారి రావన్న హామీ లేదు. అందుకే ఎన్‌ట్యాగ్213 అనే కార్డు ఎంచుకున్నాను, దానికి ఏడు బైట్ల నంబరు ఉంటుంది. రాసుకోవడానికి 144 బైట్ల చోటు కూడా ఉంది గానీ అందులో ఏమీ రాయను. కార్డు ఎక్కడో పడిపోతే, దొరికినవాళ్ల ఫోన్‌లో పిల్లల పేరు, నంబరు కనబడకూడదు.

నకలు సంగతి? ఏడు బైట్ల నంబరుకీ నకలు తీయొచ్చు. ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉన్న డెస్‌ఫైర్ కార్డయితే దాన్ని ఆపుతుంది. కానీ ఇక్కడ అసలు జరిగేది నకలు కాదు, స్నేహితుడికి కార్డు ఇచ్చి పంపడం. దాన్ని ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. ట్యాప్ చేయగానే టేబుల్ మీది స్క్రీన్‌లో ఆ సభ్యుడి ఫొటో పెద్దదిగా వస్తే రెండూ ఆగుతాయి. డబ్బు కార్డు మీద కాకుండా ఆ స్క్రీన్ మీద పెట్టడమే సరైందని నా నమ్మకం.

“కార్డెందుకన్నా, ఫోన్ ఆనిస్తే సరిపోదా?” అని పిల్లలు అడిగారు. ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా ప్రతిసారీ 08తో మొదలయ్యే ఏదో ఒక కొత్త నంబరు ఇస్తుంది. నంబరుతో గుర్తుపట్టే పద్ధతికి అది కుదరదు.

రీడర్‌గా పీఎన్532 తీసుకున్నాను. ఆర్‌సీ522 కన్నా ఖరీదే, కానీ నా దగ్గరున్న కార్డుల్ని ఇంకాస్త దూరం నుంచి అందుకుంది. బోర్డు మీది రెండు చిన్న స్విచ్‌లలో మొదటిది ఆఫ్, రెండోది ఆన్ చేస్తే ఎస్‌పీఐ, అంటే చిప్‌లు మాట్లాడుకునే ఒక పద్ధతి. అక్కణ్ణుంచి అన్నిటినీ నడిపే వైఫై ఉన్న చిన్న బోర్డు ఈఎస్‌పీ32కి తీగలు. హాల్లో ఉన్నది ఇనప టేబుల్. బోర్డుని నేరుగా దాని మీద పెడితే కార్డు తాకించినా ఒక్కోసారి పలకలేదు. కింద అంగుళం మందం చెక్క పెట్టగానే వేలెడు ఎత్తు నుంచే అందుకుంది. ఇనుము దగ్గర్లో ఉంటే యాంటెన్నా క్షేత్రం బలహీనపడుతుంది, దాని ఫ్రీక్వెన్సీ శ్రుతి కూడా తప్పుతుంది.

కీచైన్ బిళ్లలు ముచ్చటగా ఉంటాయి గానీ లోపలి చుట్ట చిన్నది, దాదాపు ఆనించాల్సిందే. కార్డే మేలు. దానికి ట్యాగు తాడు కోసం పంచ్‌తో రంధ్రం కొట్టొద్దు. చీకట్లో కార్డు వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి, అంచుల వెంట రాగి తీగ చుట్లు సన్నగా కనిపిస్తాయి. ఒక్క చుట్టు తెగినా కార్డు పోయినట్టే. ప్లాస్టిక్ పౌచ్ వాడుతున్నాం. ఫోన్ కవర్లో దాచుకోవద్దని కూడా పిల్లలకి చెప్పాలి, ఎన్‌ఎఫ్‌సీ ఆన్‌లో ఉన్న ఫోన్ దాన్ని మాటిమాటికీ చదువుతుంది.

హాల్ ఇన్వర్టర్ లైన్లో వైఫై రౌటర్ లేదు. కరెంటు పోతే ఎంట్రీలు బోర్డులోనే నిలవుండి, నెట్ రాగానే వెళ్తాయి. టైము తప్పకుండా డీఎస్3231 గడియారం పెట్టాను. ఆ మాడ్యూల్‌లో చాలావాటికి బ్యాటరీని చార్జ్ చేసే దారి ఉంటుంది. చార్జ్ కాని సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తే ప్రమాదం. ఆ దారిలోని రెసిస్టర్ తీసేయాలి.

గడువు తీరినవాళ్లకి వేరే బజర్ మోత పెడదామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. “ఫీజు కట్టలేదని పదిమంది ముందు కూత పెట్టకూడదు అబ్బాయ్. నాకు కనబడితే చాలు, నేను విడిగా మాట్లాడుకుంటాను.” ఆయన మాటే సబబు. అందరికీ ఒకటే మోత, గడువు సంగతి ఆయన స్క్రీన్‌లో మాత్రమే వచ్చేలా మార్చాను. కార్డులు ఆర్డర్ పెట్టాను. వచ్చాక ప్రతిదాన్నీ ఫోన్‌తో చదివి, నంబరు ఏడు బైట్లు ఉందా, 04తో మొదలవుతుందా చూసి, ఆ తర్వాతే పేర్లు ఎక్కిస్తాను. 04 అనేది ఎన్‌ఎక్స్‌పీ తయారీ కోడ్.